పడమటి గోడకు ఇన్సులేషన్ చేయించుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

గోడకు వరుసగా చిల్లులు వేసి, గొట్టంతో లోపలికి ఫోమో, థర్మోకోల్ పూసలో కొట్టే వీడియోలు చూసి "మా ఇంటికీ ఇలా చేయించొచ్చా అండీ?" అని చాలామంది అడుగుతున్నారు. బ్రిటన్ లాంటి చోట్ల గోడలు రెండు పొరలుగా, మధ్యలో సందు వదిలి కడతారు. కాబట్టి అక్కడ ఆ పని కుదురుతుంది. మన ఇళ్లలో ఎక్కువ భాగం గట్టి ఇటుక గోడలే. కొట్టడానికి లోపల ఖాళీ ఉండదు.

ఉన్న ఇంటికైతే గోడ బయటివైపు ఇన్సులేషన్ బోర్డు, అంటే ఎండ వేడిని ఆపే పలక అతికించి, ఫైబర్ జాలీ పెట్టి, పైన పలుచటి పూత వేయించాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే. కొత్తగా కట్టుకుంటున్నవాళ్లు 7వ భాగం ముందు చదవండి, ఎందుకంటే ఆ నిర్ణయం ప్లింత్ బీమ్ (గోడల అడుగున వేసే కాంక్రీటు బీమ్) పోయకముందే జరగాలి.

## 1. మీ గోడ ఎలాంటిదో చూసుకోండి

కిటికీ దగ్గర టేపు పెట్టి గోడ మందం కొలవండి. రెండువైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి 10 అంగుళాలు వస్తే అది మామూలు 9 అంగుళాల గోడ. 6 అంగుళాల లోపు వస్తే నాలుగంగుళాల గోడ. మేడమీద తర్వాత కట్టిన గదులకు ఇదే ఎక్కువగా కనిపిస్తుంది, ఎండకు త్వరగా కాగేదీ ఇదే.

12 అంగుళాలు దాటితే సందు ఉందేమో అనుమానించవచ్చు. ఏసీ పైపు కోసం వేసిన రంధ్రంలోకి టార్చ్ వేసి చూస్తే తేలిపోతుంది. ర్యాట్ ట్రాప్ పద్ధతిలో, అంటే ఇటుకలను అంచు మీద నిలబెట్టి కట్టిన గోడలో చిన్న చిన్న గదుల్లాంటి ఖాళీలు ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా ఇటుకలు ఉంటాయి కాబట్టి ఫోమ్ నింపినా వేడి ఆ ఇటుకల గుండా వచ్చేస్తుంది. దాన్నీ గట్టి గోడగానే లెక్కపెట్టండి.

## 2. ఏ గోడకు చేయించాలి

అన్ని గోడలకూ చేయించడం డబ్బు దండగ. విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అందుకే నడి వేసవిలో దక్షిణపు గోడ మీద నేరుగా పడే ఎండ చాలా తక్కువ. అసలు దెబ్బ శ్లాబుకు, తర్వాత పడమటి గోడకు.

మూడు, నాలుగింటికి ఎండ పడమటి గోడను దాదాపు ఎదురుగా కొడుతుంది. 9 అంగుళాల ఇటుక గోడలో ఆ వేడి లోపలికి చేరడానికి సుమారు ఆరేడు గంటలు పడుతుంది. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి పడకగది గోడ మీద చెయ్యి పెట్టలేకపోవడానికి కారణం ఇదే.

వరుస ఇలా పెట్టుకోండి:

- పై అంతస్తు అయితే ముందు శ్లాబు. ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం పైకప్పు యు-వాల్యూ, అంటే దాని గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, 1.2 దాటకూడదు. ఏ రక్షణా లేని 5 అంగుళాల శ్లాబు 3 పైనే ఉంటుంది. యు-వాల్యూ ఎంత తక్కువైతే లోపలికి వచ్చే వేడి అంత తక్కువ.
- తర్వాత పడమటి కిటికీలకు బయట నీడ. అద్దం గుండా నేరుగా ఎండ దిగుతుంటే గోడకు బోర్డు వేసి లాభం లేదు. లోపల పరదా కంటే బయట కట్టిన వెదురు తెర మేలు.
- ఆ తర్వాత పడమటి గోడ. తూర్పు గోడ చివరన, అదీ డబ్బు మిగిలితే.

పక్కింటి మేడ మీ పడమటి గోడను పూర్తిగా కప్పేస్తుంటే ఈ పని అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ అయితే బయటి గోడ మీ ఒక్కరిది కాదు. అసోసియేషన్ దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోకుండా పరంజా కట్టించకండి.

## 3. గోడ ఆరిందా? ఇక్కడే చాలా పనులు చెడిపోతాయి

తడి గోడను కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. రంగు ఉబ్బడం, తెల్లగా ఉప్పు పట్టడం, బూజు అన్నీ ఇంటిలోపలి వైపు మొదలవుతాయి. కాంట్రాక్టర్ "పైన బోర్డు వస్తుంది కదా సార్, తడి అదే ఆగిపోద్ది" అంటే ఒప్పుకోవద్దు. ఆ మాట అన్నవాడికి పని ఇవ్వాలా వద్దా అని కూడా ఆలోచించండి.

పరీక్ష తేలికే. రెండడుగుల చదరం పాలిథిన్ షీటును గోడకు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా మూసేయండి. రెండు రోజుల తర్వాత తీసి చూడండి. షీటు లోపలివైపు నీటిబొట్లు ఉంటే గోడలో తడి ఉన్నట్టే. నేలకు దగ్గరగా ఒకటి, కిటికీ కింద ఒకటి, బాత్‌రూమ్ పక్కన ఒకటి పెట్టండి.

తడి ఎక్కడి నుంచి వస్తుందో వెతికేటప్పుడు ఇవి చూడండి:

- పిట్టగోడ పైభాగం పగుళ్లు, డాబా మీద తూము చుట్టూ సందులు
- వాన నీటి పైపు అతుకులు, ఓవర్‌హెడ్ ట్యాంక్ ఓవర్‌ఫ్లో కారే చోటు
- ఏసీ నీళ్లు గోడ మీదుగా జారుతున్నాయా
- గోడలో మొలిచిన రావి మొక్కలు. పైన కోస్తే సరిపోదు, వేరుతో సహా తీయాలి
- నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు పాకే చెమ్మ

మొదటి నాలుగూ బాగుచేసి ఒక నెల ఆరనిస్తే చాలావరకు సర్దుకుంటాయి. నేల నుంచి పాకే చెమ్మ వేరే జబ్బు. దానికి అడుగున డ్యాంప్‌ప్రూఫ్ పొర పని చేయించాకే ఇన్సులేషన్ మాట.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ లాంటి చోట్ల కింది అంతస్తు వాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. రాక్‌వూల్ (రాతి నారతో చేసిన పలక), జిప్సం బోర్డు వాడొద్దు. బోర్డు వెనక ఖాళీ మిగలకుండా గమ్ మొత్తం పరిచి అతికించమనండి, లేకపోతే మళ్లీ నీళ్లొస్తే బురద లోపల చేరి బయటికి రాదు.

పనికి మంచి కాలం సంక్రాంతి తర్వాత. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానలు ఉంటాయి. పండక్కి ఊళ్లు వెళ్లిన మేస్త్రీలు తిరిగొచ్చాక మొదలుపెట్టి, శివరాత్రి ప్రాంతానికి ముగించేలా చూసుకోండి. మే ఎండలో పలుచటి పూత గట్టిపడకముందే ఎండిపోయి పగులుతుంది.

## 4. ఏ బోర్డు, ఎంత మందం

మన వాతావరణంలో బయటి గోడకు నా ఓటు ఎక్స్‌పీఎస్ బోర్డుకే. ఇది గట్టి ఫోమ్ పలక, నీరు దాదాపు పీల్చదు. థర్మోకోల్, అంటే ఈపీఎస్, చవక. ఎక్కువ సాంద్రత ఉన్నది, మంటను త్వరగా అందుకోని గ్రేడు అయితే అదీ పనికొస్తుంది. టీవీ అట్టపెట్టెలో వచ్చే రకం మాత్రం వద్దు. రాక్‌వూల్ మండదు. ఎత్తైన అపార్ట్‌మెంట్లకు అదే సరైనది, కానీ వానపడే గోడకు వాడితే పైపూత చాలా జాగ్రత్తగా ఉండాలి.

మందం ఎక్కువైతే ఎక్కువ చల్లదనం అనుకుంటారు. లెక్క చూడండి. 9 అంగుళాల ఇటుక గోడ యు-వాల్యూ సుమారు 2. దానికి 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ వేస్తే 0.75కు దిగుతుంది. 50 మి.మీ. వేస్తే 0.46. 75 మి.మీ. వేస్తే 0.33. మొదటి అంగుళం చేసినంత మేలు మూడోది చేయదు. 50 మి.మీ. దగ్గర ఆగిపోండి. మిగిలిన డబ్బు శ్లాబుకో కిటికీకో పెట్టండి.

సరుకు లెక్కకు ఒక నమూనా. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపు అడుగులు. బజారులో దొరికే 1250 × 600 మి.మీ. బోర్డు ఒక్కొక్కటి సుమారు 8 చదరపు అడుగులు. 15 బోర్డులు, కోతల వృథాకు ఇంకో రెండు. బోర్డును గోడకు బిగించే ఫాస్టెనర్లు చదరపు మీటరుకు 6 చొప్పున 70 దాకా.

## 5. పనివాళ్లు, కొటేషన్

మామూలు తాపీ మేస్త్రీకి ఇది కొత్త పని. గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, వాటి గోడలకు ఇన్సులేషన్ బోర్డులు వేసిన పనివాళ్లు ఉంటారు. బోర్డు కోయడం, అతుకులు కలపడం వాళ్లకు చేతికి వచ్చిన విద్య. వాళ్లలో ఒకరు, ఎక్స్‌టీరియర్ టెక్స్‌చర్ వేసే మంచి పెయింటర్ ఒకరు కలిస్తే పని కుదురుతుంది.

"గోడకు ఇన్సులేషన్, చదరపు అడుగుకు ఇంత" అని ఒక్క ముక్కలో రాసిన కొటేషన్ తీసుకోకండి. ఇవన్నీ కాగితం మీద ఉండాలి:

- బోర్డు రకం, మందం, సాంద్రత, మంటను ఆపే గ్రేడా కాదా
- గమ్ పేరు, ఫాస్టెనర్ల సంఖ్య, పొడవు
- ఫైబర్ జాలీ బరువు: చదరపు మీటరుకు 145 నుంచి 160 గ్రాములు, సిమెంట్‌కు చెడని రకం
- పరంజా, గ్రిల్స్ విప్పి బిగించడం, ఏసీ స్టాండు జరపడం ఎవరి ఖర్చు
- కిటికీ అంచులు కొలతలో కలిపారా లేదా. గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి

డబ్బు విడతలుగా ఇవ్వండి: సరుకు దిగాక, బోర్డులు బిగించాక, జాలీ పూత అయ్యాక, రంగు పూర్తయ్యాక. జాలీ కనబడకుండా మూసేముందు మీరు చూసి ఫోటోలు తీసుకోవాలని ముందే చెప్పండి.

## 6. పని వరుస: ఉన్న ఇంటికి, బయటి నుంచి

6.1 గోడ సిద్ధం చేయడం. సుత్తి పిడితో గోడంతా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగ్ కొట్టించి మళ్లీ వేయించాలి. పొరలుగా లేచే రంగు, నాచు గీకించండి. గోడ నిలువు సరిగ్గా ఉందో లేదో తూకం గుండుతో చూడండి. ఎగుడుదిగుడు ఎక్కువ ఉంటే ముందే సరిచేయాలి, గమ్ మందం పెంచి సర్దకూడదు.

6.2 బయటికి వచ్చేవన్నీ లెక్కపెట్టడం. ఏసీ స్టాండు, పైపు క్లాంపులు, బట్టలు ఆరేసే తీగ, డిష్, లైటు. గోడ రెండు అంగుళాలకు పైగా బయటికి జరుగుతుంది కాబట్టి ప్రతిదానికీ పొడవైన బోల్టు కావాలి. బరువంతా ఇటుకలోకి వెళ్లాలి, బోర్డు మీద మోపకూడదు. కరెంటు వైర్లు బోర్డుకు నేరుగా తగలకూడదు. పీవీసీ తొడుగు థర్మోకోల్‌కు ఆనుకుని ఉంటే కాలక్రమంలో పెళుసెక్కుతుంది. పైపులో వేయించండి.

6.3 అడుగు పట్టీ. నేల నుంచి కనీసం ఒక అడుగు ఎత్తున మట్టం చూసి అల్యూమినియం పట్టీ బిగించాలి. మొదటి వరుస దాని మీద కూర్చుంటుంది. బోర్డును మట్టిలోకి దింపకండి. చెదలు ఫోమ్‌ను తినకపోయినా దాన్ని తొలుచుకుంటూ మీ చెక్క చౌకట్ల దాకా పోతాయి. ఆ అడుగు ఖాళీ కనబడుతుంటే చెద బాట కూడా కనబడుతుంది.

6.4 అతికించడం. నున్నటి ఎక్స్‌పీఎస్ బోర్డుకు గమ్ పట్టదు. గరుకు ముఖం ఉన్నది కొనండి, లేకపోతే రెండువైపులా వైర్ బ్రష్‌తోనో రంపపు బ్లేడుతోనో గరుకు చేయించండి. ఫర్నిచర్ పనిలో వాడే, ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ గమ్ వాడితే ఫోమ్ కరిగిపోతుంది. పాలిమర్ కలిపిన సిమెంట్ గమ్ వాడాలి.

గమ్‌ను బోర్డు నాలుగు అంచుల చుట్టూ తెగకుండా ఒక కట్టలా, మధ్యలో మూడు ముద్దలుగా పెట్టాలి. నొక్కాక కనీసం 40 శాతం భాగం గోడకు అంటాలి. మొదటి బోర్డును అతికించిన వెంటనే పీకించి వెనక ఎంత అంటిందో చూడండి. మేస్త్రీ చిరాకు పడతాడు, పడనివ్వండి. ముద్దలు మాత్రమే పెడితే బోర్డు వెనక గాలి తిరుగుతుంది. ఇన్సులేషన్ పనిచేయదు, నిప్పు అంటుకుంటే పొగగొట్టంలా లాగుతుంది కూడా.

బోర్డులు ఇటుకల్లాగే అతుకు మీద అతుకు రాకుండా పేర్చాలి. కిటికీ మూల దగ్గర అతుకు రాకూడదు, అక్కడ బోర్డును ఎల్ ఆకారంలో కోసి పెట్టాలి. సందు మిగిలితే అదే బోర్డు ముక్కలతోనో పీయూ ఫోమ్‌తోనో (డబ్బాలోంచి కొడితే ఉబ్బే ఫోమ్) నింపాలి. సిమెంట్ కూరితే ఆ గీత వెంట వేడి లోపలికి వస్తుంది, పైన పగులూ వస్తుంది.

పడమటి గోడ మధ్యాహ్నం దాకా నీడలోనే ఉంటుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పన్నెండు లోపు గమ్, పూత పనులు ముగించాలి. మధ్యాహ్నానికి పరంజా మీద గ్రీన్ నెట్ వేయించండి.

6.5 ఫాస్టెనర్లు. గమ్ పట్టాక, అంటే ఒకటి రెండు రోజుల తర్వాత, వెడల్పు తల ఉన్న ప్లాస్టిక్ ఫాస్టెనర్లు బిగించాలి. ప్లాస్టరింగ్‌ను లెక్కలోంచి తీసేసి ఇటుకలోకి కనీసం రెండంగుళాలు దిగాలి. నాలుగంగుళాల గోడలో డ్రిల్ లోపలికి పొడుచుకు రాకుండా బిట్‌కు టేపు గుర్తు పెట్టమనండి. తల బోర్డు మట్టానికి సమంగా ఉండాలి.

6.6 జాలీ, పూత. ఎండ తగిలిన ఫోమ్ పైభాగం పసుపెక్కి పొడిలా రాలుతుంది. బోర్డులు వారాల తరబడి అలాగే వదిలేసి ఉంటే ముందు గరుకు కాగితంతో రుద్దాలి. కిటికీ మూలల్లో అడ్డంగానో నిలువుగానో కాక ఏటవాలుగా చిన్న జాలీ ముక్కలు ముందుగా అతికించాలి. ఆ తర్వాత పూత పరిచి, తడిమీదే జాలీని అందులోకి నొక్కి, మళ్లీ పూత. మొత్తం 3 నుంచి 5 మి.మీ. జాలీ అంచులు 10 సెం.మీ. ఒకదాని మీద ఒకటి రావాలి. బోర్డు మీద పొడి జాలీ పరిచి పైన పూస్తే అది పట్టదు.

ఇక్కడ మన మేస్త్రీలు చికెన్ మెష్ పెట్టి ముప్పావు అంగుళం ఇసుక సిమెంట్ వేద్దామంటారు. ఆ బరువు ఫోమ్ మోయదు. ఒప్పుకోకండి.

6.7 అంచులు, రంగు. పైన బోర్డు తల కనబడకుండా పిట్టగోడ కిందో సజ్జ కిందో సీలెంట్‌తో మూయాలి. కిటికీ కింది బండ కొత్త గోడకంటే ఒకటిన్నర అంగుళం ముందుకు ఉండాలి, దాని అడుగున నీరు వెనక్కి రాకుండా గాడి ఉండాలి. ఇది మర్చిపోతే మొదటి వానకే కిటికీ కింద మరకలు. రంగు లేతది వేయండి. వెనక ఇన్సులేషన్ ఉండటంతో పైపూత వేడి లోపలికి పోలేక అక్కడే నిలుస్తుంది. ముదురు రంగైతే ఇంకా కాగి పగులుతుంది.

## 7. కొత్త ఇల్లు కడుతుంటే: సందు గోడ

పడమటివైపు మాత్రం రెండు పొరల గోడ కట్టుకోవచ్చు. లోపల 4 అంగుళాల ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో చేసిన తేలికపాటి సిమెంట్ బ్లాకు), దానికి ఆనించి 2 అంగుళాల ఎక్స్‌పీఎస్, 1 అంగుళం ఖాళీ, బయట 4 అంగుళాల ఫ్లైయాష్ ఇటుక. మొత్తం 11 అంగుళాలు, పైన ప్లాస్టరింగ్. 9 అంగుళాల బీమ్ మీద ఇది పూర్తిగా కూర్చోదు. బయటి పొర ఏ ఆధారం మీద నిలబడాలో స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగ్‌లో చూపించాలి. తర్వాత చూద్దాం అంటే కుదరదు.

ఉత్త ఖాళీ వదిలేస్తే చాలదా అంటారు. రెండు నాలుగంగుళాల ఇటుక పొరల మధ్య ఖాళీ సందు ఉంటే యు-వాల్యూ 1.5 దగ్గరే ఆగుతుంది. బోర్డు ఉండాల్సిందే.

- రెండు పొరలను కలిపే స్టెయిన్‌లెస్ స్టీల్ టైలు: అడ్డంగా 3 అడుగులకు, నిలువుగా అడుగున్నరకు ఒకటి. వాలు బయటివైపుకు ఉండాలి.
- సందులో సిమెంట్ ముద్దలు పడితే బయటి తడి వాటి మీదుగా లోపలికి వస్తుంది. సందు వెడల్పు చెక్క పట్టీని తాళ్లతో వేలాడదీసి, టైల వరుస వచ్చినప్పుడల్లా పైకి లాగి శుభ్రం చేయాలి.
- అడుగున 3 అడుగులకొక నీరుపోయే రంధ్రం. లోపల సన్నటి స్టీలు జాలీ, లేకపోతే బొద్దింకలు, తేళ్లు కాపురం పెడతాయి.
- కిటికీ లింటెల్ పైన నీటిని బయటికి మళ్లించే పొర.
- పిల్లర్లు, బీమ్‌ల బయటి ముఖం మీద కూడా బోర్డు. లేకపోతే వేడికి అవే దారులు.

రోజుకు మూడు నాలుగు అడుగులకు మించి ఎత్తు లేపనివ్వకండి.

## 8. బయట చోటు లేకపోతే

పక్క స్థలం వాళ్లు పరంజాకు ఒప్పుకోనప్పుడు లోపలి నుంచి చేయించాల్సి వస్తుంది. గోడకు 50 మి.మీ. బోర్డు, అతుకులకు టేపు, పైన చానెళ్ల మీద 12 మి.మీ. జిప్సం బోర్డు. గది మూడున్నర అంగుళాలు తగ్గుతుంది. ఫోమ్‌ను కప్పకుండా గదిలో వదలకూడదు, మండితే వచ్చే పొగ ప్రమాదకరం.

మన గాలిలో తేమ ఎక్కువ. ఏసీ నడిచే గదిలో తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. అందుకే లోపలి ముఖం మీద వినైల్ వాల్‌పేపర్ అంటించకండి, వెనక బూజు పడుతుంది. బయటి గోడకు మాత్రం వాన నీరు పీల్చని రంగు వేయించండి. అల్మరాలు, టీవీ ఎక్కడ వస్తాయో ముందే చెప్పి అక్కడ లోపల ప్లైవుడ్ పట్టీలు పెట్టించుకోండి.

## 9. తేడా వస్తే సరిచేసే దారి

వెంట్రుక పగుళ్లు చదరాలుగా, బోర్డు అతుకుల మీద: జాలీ అతుకు చాలలేదు. రంగు గీకి, మొత్తం గోడకు మరో పూత, జాలీ వేయాలి. పుట్టీ పూస్తే ఒక్క వేసవి నిలుస్తుంది.

కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు: మూల ముక్క వేయలేదు. ఆ భాగం అడుగున్నర చదరం కోసి మళ్లీ చేయించండి.

తట్టి చూస్తే డొల్లగా ఊగే బోర్డు: అదనపు ఫాస్టెనర్లు వేసి, ఆ మేరకు మళ్లీ జాలీ పూత.

గది ఇంకా వేడిగానే ఉంది: గోడను నిందించేముందు పైకప్పు, కిటికీ చూడండి. ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్‌తో రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడ, లోపలి విభజన గోడ, సీలింగ్ కొలవండి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి గన్ దీనికి పనికిరాదు, అది శరీర ఉష్ణోగ్రతల దగ్గరే ఆగిపోతుంది. పడమటి గోడ, విభజన గోడ దాదాపు సమానంగా ఉండి సీలింగ్ ఎక్కువ చూపిస్తే గోడ పని సరిగ్గా జరిగినట్టే.

## 10. చివరి విడత డబ్బు ఇచ్చేముందు

- సాయంత్రం ఏటవాలు ఎండలో గోడ పక్క నుంచి చూడండి. బోర్డు గీతలు, గుంటలు అప్పుడే కనిపిస్తాయి.
- కిటికీ పైన, కింద గొట్టంతో పావుగంట నీళ్లు కొట్టి లోపల తడి వస్తుందేమో చూడండి.
- ఏసీ స్టాండును చేత్తో ఊపండి. బోర్డు నొక్కుకుపోతుంటే బోల్టులు మళ్లీ బిగించాలి.
- అడుగు పట్టీ కింద వదిలిన ఒక అడుగు ఖాళీ చోటు మట్టి, ఇసుక, కుండీలతో మూసుకుపోలేదు కదా.
- జాలీ దశ ఫోటోలు, బోర్డు ప్యాకెట్ లేబుళ్లు, మిగిలిన ఒకటి రెండు బోర్డులు తీసి పెట్టుకోండి.
- తర్వాత కేబుల్ వాళ్లో సోలార్ వాళ్లో గోడకు డ్రిల్ వేస్తే ఆ చిల్లును అదే రోజు సీలెంట్‌తో మూయించండి.